విప్పమంటాడు మామ, వద్దంటాడు మేస్త్రి

వెంకటాచలంలో సముద్రం లేదు. నెల్లూరు నుంచి చెన్నై వైపు పోయే జాతీయ రహదారి మీది ఊరది. అక్కడ తూర్పుకు చీలిన రోడ్డూ, రైలు పట్టాలూ కృష్ణపట్నం రేవుకు పోతాయి. రోడ్డు పక్క షెడ్లలో లారీలూ ట్రాక్టర్లూ బాగుచేసే మేస్త్రులుంటారు. జూన్ రెండో వారంలో అలాంటి ఒక షెడ్డు ముందు ట్రాలీ ఆటో ఆగింది. గోనెపట్టాలో చుట్టిన పడవ మోటారు దిగింది. తెచ్చిన పెద్దాయనది కృష్ణపట్నం పక్క పాళెం, పుట్టినప్పటి నుంచీ సముద్రం మీదే బతుకు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మోటారు పడవలకు వేట నిషేధం. ఆ గడువు తీరడానికి ఇంకా నాలుగు రోజులే ఉంది.

మేస్త్రి ఆయన్ని మామా అంటాడు. వాళ్ళిద్దరి వాదనా పక్కనే ఉండి విన్నాను. ఇద్దరిలో ఎవరూ మాట నెగ్గించుకోవడానికి వాదించలేదు. అందుకే రాయాలనిపించింది.

మామ: ఇంజను విప్పబ్బాయా. రింగులు పోయుంటాయి. లేదంటే బోరు అరిగుంటాది. పాతది అంటగట్టి నన్ను ముంచినాడు అమ్మినాయన.

మేస్త్రి: విప్పను మామా. ముందు చెప్పు, ఎప్పుడు కొన్నావు, ఎప్పటిదాకా బాగుండె?

మామ: సంక్రాంతి పోయినాక కొన్నా. తొమ్మిది పాయింట్ తొమ్మిది గుర్రాలది, టూ స్ట్రోకు, రెండు సిలిండర్లు. ఎన్ని గంటలు తిరిగిందో ఎవరికి తెలుసు, దానికి మీటరుండాదా ఏమన్నానా? ఏప్రిల్‌లో వేట ఆపేదాకా పోయినా, వచ్చినా. మొన్న పడవకు బిగించి తాడు గుంజితే చెయ్యి పడిపోయేదాకా లెయ్యలా. లేచినాక స్లోలో నిలవదు. దగ్గుతాది, గొడగొడమంటాది, ఆగిపోతాది. రేసిస్తే మాత్రం పోతాది.

మేస్త్రి: ఏప్రిల్ దాకా బాగుండిన బోరు, గోనెపట్టా కింద పడుకోని రెండు నెలల్లో అరిగిపోయిందంటావా? నడిస్తే గదా అరిగేది.

మామ: శబ్దం ముందు నుంచే ఉండాదబ్బాయా. చిన్నగా ఉండె, నేనే పట్టించుకోలా. ఇప్పుడు పెద్దదైంది.

ఈ మాటను మేస్త్రి ఆ పూట తేలిగ్గా తీసుకున్నాడు. నేనూ అంతే. మామ మోటారు గురించి ఒక్క ఫిర్యాదు చెయ్యడం లేదు, రెండు చేస్తున్నాడు. స్లోలో నిలవకపోవడం ఒకటి, శబ్దం ఇంకొకటి. రెండూ కలిసి వినిపిస్తాయి కాబట్టి రెండింటికీ ఒకే కారణం ఉంటుందనుకుంటాం. పాత మోటారు కొన్నవాళ్ళ డబ్బు ఎక్కువగా తగలబడేది అక్కడే.

మేస్త్రి: రేసులో పోయి స్లోలో నిలవలేదంటే నా చూపు కార్బరేటర్ మీదికి పోతాది. రేసులో పెట్రోలు పెద్ద జెట్టులోంచి వస్తాది. స్లోలో వచ్చేది చిన్న జెట్టులోంచి. దాని బెజ్జం వెంట్రుకంత. రొంత జిగురు పట్టినా మూసుకుపోతాది.

మామ: బోరు అరిగినా స్లోలోనే ముందు తెలుస్తాది. నేనూ ఇంజన్లు చూసినోణ్ణే. డీజిల్ ఇంజన్లతో ఎన్ని ఏండ్లు వేట చేసినా!

మేస్త్రి: అది కాదన్ను. కాబట్టి నీ మాటా వద్దు, నా మాటా వద్దు. గేజి చెప్తాది.

రెండు ప్లగ్గులూ తీసి, వాటి వైర్లను ఇంజను ఇనుముకు ఆనించి కట్టాడు. అలా కట్టకుండా తాడు గుంజితే నిప్పురవ్వకు దారి దొరక్క కాయిల్, సీడీఐ కాలే ప్రమాదం ఉంది. థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ఒక్కో సిలిండర్‌కూ గేజి బిగించి, ముల్లు ఇక కదలనంటున్నంత వరకూ గుంజించాడు. పై సిలిండర్ 110 పౌండ్లు చూపించింది, కింది సిలిండర్ 105.

మామ: రెండూ సమంగా అరిగుండొచ్చు గదా?

మేస్త్రి: అట్టయితే రెండూ అరవైకో డెబ్బైకో దిగుండాల. ఒకటి పోయుంటే ఒకటి పైన, ఒకటి కింద ఉండాల. రెండింటి మధ్య తేడా పదో వంతు దాటితే నువ్వు చెప్పకుండానే విప్పేవాణ్ణి. ఇది దాంట్లో సగం కూడా లేదు. నీ బోరు బాగుండాది మామా. అమ్మినాయన్ని తిట్టబాక.

మామ: గేజి ఇనుముకేం తెలుసబ్బాయా? ఈ స్లో నాకు ఎందుకు కావాలో నీకు తెలుసా? మేం రేవులోంచి కాదు, ఒడ్డు నుంచి తోసుకోని పోతాం. అల విరిగే చోట రేసు తగ్గించి నిలబడాల. పెద్ద అలలు మూడో నాలుగో వరసగా వస్తాయి, ఆనక రొంత తెరిపిస్తాది. ఆ తెరిపిలో దూరిపోవాల. అందాక మోటారు స్లోలో బతికుండాల. ఆడ ఆగిపోయిందనుకో, పడవ ముక్కు పక్కకి తిరుగుతాది. అడ్డం తిరిగిన పడవని వెనకొచ్చే అల బోర్లా ఏస్తాది. వల లాగేటప్పుడూ అంతే. స్లోలో పడవని గాలికి ఎదురు పట్టుకుంటేనే వల ఫ్యానుకు చుట్టుకోకుండా పైకొస్తాది. నీకిది గొడగొడ. మాకిది ఇల్లు చేరేదీ చేరందీ.

మేస్త్రి వెంటనే ఏమీ అనలేదు. నాకు ఈ మోటారు పుట్టిన చోటు గుర్తొచ్చింది. పడవ వెనక తగిలించే మోటారును జనంలోకి తెచ్చినవాడు ఓలె ఎవిన్‌రూడ్. నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డవాడు. 1909లో మిల్వాకీ నగరంలో అమ్మకం మొదలుపెట్టాడు. అది ఒకటిన్నర గుర్రాల మోటారు, చిన్న తెడ్డు పడవలకు తెడ్డు శ్రమ తప్పించడానికి పనికొచ్చింది. సరస్సు మీద అది ఆగితే తెడ్డందుకుంటారు. అదే యంత్రం బంగాళాఖాతం అలల్లో ఆగితే తెడ్డందుకునే వ్యవధి ఉండదు. మామ చెప్పిన లెక్క ఏ కంపెనీ పుస్తకంలోనూ ఉండదు. మరమ్మతు చేసేవాడు ముందు వినాల్సిన లెక్క మాత్రం అదే.

మేస్త్రి: సరే మామా. ఈ స్లో స్క్రూ ఎవరు తిప్పింది?

మామ: మా పాళెంలో పిల్లోడు. స్లో పెంచితే ఆగదన్నాడు. ఆగలేదు కూడా. కాకపోతే గేరేసినప్పుడు ఠక్కుమని తన్నతాది.

మేస్త్రి: తన్నక ఏం చేస్తాది? ఈ మోటారుకు క్లచ్చు ప్లేట్లుండవు. రెండు పళ్ళ చక్రాలు నేరుగా ఒకదాంట్లో ఒకటి దిగబడతాయి. స్లో ఎక్కువుంటే దిగబడకముందే ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. మూలలు అరిగి గుండ్రమైతే ఇంక గేరు నిలవదు, అలల్లో జారిపోతాది. స్లో స్క్రూ పెంచి నువ్వు జబ్బు తగ్గించలా మామా, దాన్ని కిందికి గేరులోకి దించినావు.

మోటారును నీళ్ళ డ్రమ్ములో దించారు. నీళ్ళు లేకుండా క్షణమైనా నడపకూడదు, లోపల నీళ్ళు తోడే రబ్బరు ఇంపెల్లర్ ఒరుసుకుని చిరిగిపోతుంది. లేచాక మామ మొదట చూసింది వెనక సన్నగా చిమ్మే నీటి ధారను. ధార బాగానే వస్తోంది. మేస్త్రి రబ్బరు పిడి ఉన్న కటింగ్ ప్లయరుతో ఒక్కో ప్లగ్గు వైరూ ఇనుముకు ఆనించి చూశాడు. ఏది ఆనించినా ఇంజను ఒకేలా నీరసించింది. అంటే రెండు సిలిండర్లూ పనిచేస్తున్నాయి, రెండూ ఒకేలా ఇబ్బంది పడుతున్నాయి. రెండింటికీ కార్బరేటర్ ఒక్కటే. అనుమానం దాని చుట్టూ బిగుసుకుంది.

మేస్త్రి: ఉన్నట్టుండి కార్బరేటర్‌లోంచి తుమ్మినట్టు ఫట్‌మంటాది, విను. అది బోరు శబ్దం కాదు. గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైతే వచ్చేది. ట్యాంకు తెచ్చినావా?

మామ: తెచ్చినా. సగానికుండాది, ఏప్రిల్లో పోసిందే. దాంట్లో ఏమీ లేదు, మంచి పెట్రోలు.

మేస్త్రి ట్యాంకు అడుగు నుంచి గాజు సీసాలోకి కొంచెం పట్టి, బల్ల మీద పెట్టి, వేరే పని చూసుకున్నాడు. కాసేపటికి సీసాలో ఒక గీత కనబడింది. పైన నీలిరంగు టూ-టీ ఆయిల్ కలిసిన పెట్రోలు. కింద రంగు లేని పొర, వేలెడు మందం.

మామ: నీళ్ళా? నేను నీళ్ళు పొయ్యలా!

మేస్త్రి: గాలి పోసింది మామా. మూత మీద గాలి మర తెరిచి పెట్టినావు. సముద్రం గాలి, రెండు నెలలు, సగం ఖాళీ ట్యాంకు.

దేశంలో పెట్రోలులో ఇథనాల్ కలపడం 2003లో 5 శాతంతో మొదలైంది. 2022లో 10 శాతానికి చేరింది, 2025 నాటికి 20 శాతం. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. కొంతవరకు ఆ నీటిని పెట్రోల్లో కలిపి ఉంచుతుంది. మోతాదు దాటిందంటే నీళ్ళూ ఇథనాలూ జట్టుకట్టి అడుక్కి దిగిపోతాయి. ట్యాంకులో గొట్టం లాగేది అడుగు నుంచే. రోజూ తిరిగే కారులో ట్యాంకు వారంలో ఖాళీ అవుతుంది, ఈ బాధ తెలియదు. రెండు నెలలు కదలకూడదని చట్టం చెప్పిన పడవ మోటారుకే తెలుస్తుంది. ఇంకో ప్రమాదం కూడా ఉంది. టూ స్ట్రోక్ ఇంజనుకు పెట్రోల్లో కలిపిన ఆయిలే ప్రాణం. ఆ ఆయిల్ పై పొరలో ఉండిపోతుంది, కింది పొరతో రాదు. ఆ నీళ్ళతోనే రేసు పెంచి పోతే పిస్టన్ పట్టేసి మామ భయపడ్డ బోరు నిజంగానే పోతుంది. మత్స్యశాఖ వాళ్ళు నిషేధ కాలంలో ఇచ్చే భృతి గురించి ప్రతి పాళెంలో చెబుతారు. ఈ సీసా సంగతి కూడా చెబితే ఎన్ని ఇంజన్లు మిగులుతాయో అనిపించింది.

మామ: మా పాళెమంతా ఒకే బంకులో కొడతాం. నా ఒక్కడి మోటారుకే ఎందుకొచ్చింది?

మేస్త్రి: నాలుగు రోజులు ఆగు, మిగతావీ వస్తాయి. ఆయిల్ ఎంత కలుపుతా ఉండావు?

మామ: లీటరుకి ఇరవై మిల్లీ. బండికి పోసేదే.

మేస్త్రి: కొలత సరే, ఆయిల్ వేరు. బండి ఇంజను గాలికి చల్లబడతాది, ఇది నీళ్ళతో చల్లబడతాది. దీనికి డబ్బా మీద టీసీ-డబ్ల్యూ-త్రీ అని ఉండాల. బండి ఆయిల్‌తో ప్లగ్గులకి మసి, లోపల గట్టిపడిన బొగ్గు. ఈ ప్లగ్గు చూడు, ఎంత నల్లగా ఉండాదో.

కార్బరేటర్ విప్పితే ఫ్లోటు గిన్నె అడుగున ఎండిన తేనె రంగు జిగురు. చిన్న జెట్టును వెలుతురుకెత్తి పట్టుకుని చూస్తే అవతలి వెలుగు కనబడలేదు. మామ జేబులోంచి సన్నటి స్టీలు తీగె తీసిచ్చాడు. మేస్త్రి తీసుకోలేదు. స్టీలు ఇత్తడిని గీకుతుంది, బెజ్జం పెద్దదైతే ఆ జెట్టు ఇక ఎప్పటికీ కొలత ప్రకారం ఇవ్వదు. ద్రావకంలో నానబెట్టి, కరెంటు వైరులోని రాగి పోగొకటి దూర్చి, గాలి కొట్టాడు. వెలుగు సూదిమొనలా కనిపించింది. మామ ఆ జెట్టును తీసుకుని తనూ చూశాడు, రెండుసార్లు తిప్పి చూశాడు. పెట్రోలు పంపే రబ్బరు బుడ్డ దగ్గర పైపు పగిలి ఉంటే ఆ ముక్క కోసేసి కొత్త క్లిప్పు వేశారు. అక్కడినుంచి కూడా గాలి పోతోంది. కొత్త ప్లగ్గులు, కొత్త పెట్రోలు. మిక్చర్ స్క్రూను సుతారంగా చివరిదాకా తిప్పి, ఒకటిన్నర చుట్టు వెనక్కి తీశాడు. కంపెనీని బట్టి ఆ చుట్లు మారతాయని మామకు చెప్పాడు కూడా.

డ్రమ్ములో ఈసారి రెండో గుంజుకే లేచింది. నిలిచింది. అయినా పూర్తి నున్నగా లేదు.

మామ: ఇంకా గొడగొడమంటా ఉండాది.

మేస్త్రి: డ్రమ్ము వల్ల మామా. పొగ నీళ్ళలోకి పోయి, నీళ్ళు నురగై, ఆ పొగే మళ్ళీ ఇంజను పీలుస్తాది. ఏ మోటారూ డ్రమ్ములో నున్నగా ఉండదు. పైగా టూ స్ట్రోకు స్లోలో కొన్ని దెబ్బలు ఎగరగొడతాది, దాని పుట్టుకే అంత. ఇంక తీసుకుపో.

మామ: తీసుకుపోను. డ్రమ్ములో గొడగొడమంటే డ్రమ్ము వల్లంటావు, నిలిస్తే బాగైందంటావు. రెండూ నీకే అనుకూలమా? గేరేసి నీళ్ళలో నిలబెట్టి చూపించు.

మేస్త్రి: షెడ్డు మూసుకోని కృష్ణపట్నం రమ్మంటావా?

మామ: రమ్మంటా.

ఇక్కడ మామదే న్యాయమని నా అభిప్రాయం. న్యూట్రల్‌లో నిలిచే స్లో వేరు, గేరులో ప్రొపెల్లర్ నీటిని నెడుతుండగా నిలిచే స్లో వేరు. మామకు కావాల్సింది రెండోది. మేస్త్రికీ అది తెలుసు. దూరమే అడ్డం. సాయంత్రం వెళ్ళాం. కండలేరు సముద్రంలో కలిసే ఉప్పేటిలో, కట్టేసి ఉన్న పడవకు మోటారు బిగించారు. అవతల రేవు క్రేన్ల దీపాలు వెలుగుతున్నాయి. న్యూట్రల్‌లో చక్కగా నిలిచింది. గేరు వెయ్యగానే ఆగిపోయింది.

మామ మాట్లాడలేదు. మాట్లాడనక్కర్లేదు.

మేస్త్రి ఇంజను బాగా వేడెక్కనిచ్చి, గేరులోనే ఉంచి, మిక్చర్ స్క్రూను కొంచెం కొంచెంగా తెరుస్తూ పోయాడు. ఒకచోట ధ్వని కుదుటపడింది. అక్కడ వదిలి స్లో స్క్రూ సర్దాడు. గేరు తీశాడు, వేశాడు, వెనక్కి వేశాడు. ఠక్కు తగ్గింది. ఆగలేదు. అప్పుడు, పెద్ద గోల అణిగిపోయాక, కింది నుంచి సన్నగా గీరుతున్నట్టు ఇంకో శబ్దం విడిగా తేలింది.

మామ: ఇదబ్బాయా! ఇదే నేను మొదట్నుంచీ చెప్తా ఉండేది.

మేస్త్రి పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజను మీద ఆనించి పిడి చెవికి పెట్టుకున్నాడు. పైన ఏమీ లేదు. మోటారు కాలు పొడవునా దించుకుంటూ వచ్చి గేరు డబ్బా దగ్గర ఆగాడు. గేరు తీస్తే శబ్దం లేదు, వేస్తే ఉంది. మోటారును ఒడ్డుకు తెచ్చి కింది స్క్రూ తీస్తే, తేనె రంగులో రావాల్సిన గేరు ఆయిల్ పాలు కలిపిన కాఫీలా కారింది. ప్రొపెల్లర్ ఊడదీస్తే వెనక ఇరుసు చుట్టూ బిగుసుకుపోయిన నైలాను వల నూలు. తిరిగిన కొద్దీ అది లోపలి సీలును కోసింది. సీలు పోయాక ఉప్పు నీళ్ళు గేరులోకి, అక్కణ్ణించి బేరింగులోకి.

మేస్త్రి: నువ్వు చెప్పింది నిజం మామా, శబ్దం వేరే ఉండాది. కాకపోతే నువ్వు విప్పమన్న చోట కాదు. పైది విప్పుంటే గ్యాస్‌కెట్ ఖర్చు, కూలి ఖర్చు, ఇది మాత్రం ఇట్నే ఉండేది.

మామ: నువ్వు తీసుకుపొమ్మన్నప్పుడు పొయ్యుంటే నెలలో గేరు నడి సముద్రంలో పగిలేది. అది ఎవరి ఖర్చు?

మేస్త్రి: సీలు, బేరింగు చెన్నై నుంచి రావాల. నాలుగు రోజుల్లో అందవు.

మామ: పదిహేను పొద్దున పోవాల నేను. మొదటి రోజు చేపకి ఉండే ధర మళ్ళీ ఉండదు.

మేస్త్రి: నీళ్ళున్న గేరుతో పంపను. మీ అన్న పడవలో పో. ఇంకొకటి విను. వచ్చే ఏప్రిల్లో వేట ఆపే రోజు, ఒడ్డు కనబడగానే పెట్రోలు పైపు పీకెయ్. కార్బరేటర్లో ఉండేది కాలిపోయి తనంతట ఆగుతాది. జిగురు పట్టదు.

మామ: ఒడ్డు కనబడేది అలల ముందు. ఆడ ఆపమంటావా నన్ను?

మేస్త్రికి జవాబు తోచలేదు. ఒడ్డున నడిపి ఆర్పుదామంటే నీళ్ళుండవు, ఇంపెల్లర్ పోతుంది. కాసేపు కార్బరేటర్ కేసి చూసి, వంగి, ఫ్లోటు గిన్నె అడుగున ఉన్న చిన్న ఇత్తడి స్క్రూ చూపించాడు.

మేస్త్రి: అయితే నడపొద్దు. ఒడ్డెక్కినాక ఇది రెండు చుట్లు తిప్పు, కింద గుడ్డ పెట్టు. గిన్నె ఖాళీ అవుతాది. ట్యాంకులో మిగిలింది ఎవరి బండికన్నా పోసెయ్. ప్లగ్గులు తీసి రొంత ఆయిల్ పోసి తాడు రెండుసార్లు లాగి మళ్ళీ బిగించు. ప్రొపెల్లర్ ఊడదీసి నూలు చూడు. అది మాత్రం ఏడాదికోసారి కాదు, వల తగిలినప్పుడల్లా.

మామ: ఈ స్క్రూనా? కుడికా, ఎడమకా?

మేస్త్రి: ఎడమకి. ఇదో, నువ్వే తిప్పి చూడు.